ఎవరి విలాసం వారిది

మా ఇంట్లో వస్తువులకి కాళ్ళున్నాయండీ. నవ్వకండి, మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. పొద్దున్న కుట్టుమిషను సొరుగులో పెట్టిన కత్తెర మధ్యాహ్నానికి వంటింటి గట్టు మీద పాలగిన్నె పక్కన తేలుతుంది. మావారి కళ్ళజోడు దేవుడి గూట్లో దొరుకుతుంది. పోపులపెట్టెలో ఉండవలసిన చిన్న చెంచా తులసికోట దగ్గర దర్శనమిస్తుంది. “ఇల్లన్నాక ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుండాలే” అని మా అత్తగారు రోజుకి నాలుగుసార్లు అంటారు. అనడం తేలికే. మూడు గదులూ, నలుగురు మనుషులూ, వెతికి సర్దే ప్రాణం మాత్రం ఒక్కటే.

అలాంటిది, మిల్లీమీటరులో వందో వంతుండే ఒక జీవకణంలో వేల రకాల ప్రొటీన్లు తయారై, ఎవరూ వెనకాల పడి కేకలెయ్యకుండానే ఎవరి గదికి వాళ్ళు చేరుకుంటారంటే నాకు కాస్త అసూయగానే అనిపించింది. ఎలా చేరుకుంటారో తెలుసుకున్నాక అసూయ పోయి, ఆ ఏర్పాటు చేసినవాళ్ళెవరో గాని దణ్ణం పెట్టాలనిపించింది.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది మా ఆడపడుచు కూతురు. ఆ పిల్లకి పదకొండో ఏట షుగరు వచ్చింది. పెద్దవాళ్ళకి వచ్చే షుగరు కాదు. బిందెడు నీళ్ళు తాగడం, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం, గౌన్లు వదులైపోవడం చూసి ఎండలకనుకున్నారు ఇంటిల్లిపాదీ. రక్తపరీక్ష చేయించాక తెలిసింది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒంట్లో ఉన్న రక్షణ సైన్యమే శత్రువులనుకుని చంపేస్తుందట. టైపు వన్ అంటారు. తీపి తింటే వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు. డాక్టర్లు ఎంత చెప్పినా, “నేను పెట్టిన జీడిపాకం వల్లే” అని మా అత్తగారు ఏళ్ళ తరబడి కుమిలిపోయారు. ఆ పిల్లకిప్పుడు ఇరవైనాలుగు. పదమూడేళ్ళుగా రోజుకి నాలుగు సూదులు పొడుచుకుంటోంది. అందుకేనేమో బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నిరుడు ఆవకాయల రోజుల్లో నెల్లాళ్ళు మా ఇంట్లో ఉంది. మామిడికాయ ముక్కలు తుడవడమంటే మీకు తెలుసుగా, చేతులకి పనే గాని చెవులు ఖాళీ. నేను ముక్కలు తుడుస్తుంటే అది పక్కన పీట వేసుకు కూర్చుని జీడి తీస్తూ చెప్పుకొచ్చింది.

“కణమంటే సంచీలో పోసిన గంజి అనుకుంటారత్తయ్యా చాలామంది. కాదు. అదో ఇల్లు. లోపల గదులున్నాయి. గదులకి గోడలున్నాయి, పల్చటి కొవ్వు పొరలు. చిత్రమేమిటంటే, ఆ గదుల మధ్య ఇంత వస్తువు మోసుకుపోవడానికి గుమ్మాల్లేవు.”

“గుమ్మాల్లేకపోతే ఎలా తిరుగుతారే?” అన్నాను.

“కుంకుడుకాయ రసం నురగ చూశావుగా. ఒక బుడగ పక్క బుడగలో కలిసిపోదూ? అలాగే. ఈ గది గోడే కొంచెం ఉబ్బి, చిన్న సంచీలా ఊడి, లోపల సరుకు పెట్టుకుని బయల్దేరుతుంది. అవతలి గది గోడకి అతుక్కుని అందులో కలిసిపోతుంది. చుక్క ఒలకదు, గోడకి చిల్లు పడదు.”

మొదటి గది పేరు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్. ఆ పేరు నా నోరు తిరగదు గనక దాన్ని వంటిల్లు అనుకుందాం. దాని గోడని ఆనుకుని ప్రొటీన్లు తయారై, దారంలా లోపలికి జారి, అక్కడ మడతలు పడి రూపానికొస్తాయి. రెండోది గాల్జీ. అది వడ్డనగది. వంటింట్లోంచి వచ్చినవాటికి అక్కడ నగిషీలు చెక్కి, ఏది ఎవరి విస్తట్లో పడాలో విడదీసి పంపుతారు.

ఈ గాల్జీగారి కథ వినండి. 1898లో ఇటలీలో కమిల్లో గాల్జీ అనే వైద్యుడు గుడ్లగూబ మెదడు కణాలకి వెండి లవణం పట్టించి చూస్తే లోపల వలలాంటిదేదో నల్లగా కనిపించింది. చూశానని రాశాడు. “గదీ లేదూ గుదీ లేదు, నీ రంగు వల్ల పడిన మరక అది” అన్నారు చాలామంది. ఆయనకి 1906లో నోబెల్ బహుమతి వచ్చింది గాని, దీనికి కాదు, నరాల మీద చేసిన పనికి. మరకా గదా అన్న తగువు యాభై ఏళ్ళు నడిచింది. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అరటిదొప్పలు దొంతరగా పేర్చినట్టు స్పష్టంగా కనిపించాక గాని తీరలేదు. అప్పటికి గాల్జీ పోయి పాతికేళ్ళు దాటింది. ఉన్నదాన్ని ఉందని చెప్పినా నమ్మించలేకపోవడం ఆడవాళ్ళకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

గది ఉంది సరే, సరుకు ఏ గదిలోంచి ఏ గదికి పోతోందో ఎలా తెలిసింది? ఇక్కడ మనకి చాకలిపద్దు గుర్తు తెచ్చుకోవాలి. బట్టలకి నల్ల సిరాతో ఒక మూల గుర్తు పెట్టేవారు చూడండి, ఊరందరి బట్టల్లో కలిసినా మన బట్ట మనకి తిరిగొచ్చేది. రుమేనియాలో పుట్టి 1946లో అమెరికా చేరిన జార్జ్ పలాడే సరిగ్గా అదే చేశాడు. 1960లలో జేమ్స్ జేమీసన్ అనే సహచరుడితో కలిసి గినీపందుల క్లోమం ముక్కలకి, మూడంటే మూడు నిమిషాలపాటు, రేడియోధార్మికత ఉన్న అమైనో ఆమ్లం అందించాడు. ఆ మూడు నిమిషాల్లో తయారైన ప్రొటీన్లకి మాత్రమే గుర్తు పడింది. తర్వాత కొంచెం కొంచెం వ్యవధిలో ఫోటోలు తీశాడు. మొదట గుర్తులన్నీ వంటింట్లో. ఇంకాసేపటికి గాల్జీలో. రెండు గంటలయ్యేసరికి గోడవార పేర్చిన సంచుల్లో. దారి మొత్తం బయటపడింది. ఆయనకి 1974లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

తర్వాతి ప్రశ్న మనందరి ప్రశ్నే. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళకెలా తెలుస్తుంది? జర్మనీలో చదివి అమెరికా వెళ్ళిన గుంటర్ బ్లోబెల్ 1970లలో దీనికి జవాబు చెప్పాడు. ప్రొటీను మొదట్లోనే పది పాతిక అమైనో ఆమ్లాల వరస ఒకటి ఉంటుంది. అదే విలాసం. ఆ వరస చూసి వంటింటి గోడ దారి ఇస్తుంది. లోపలికి వెళ్ళగానే ఆ ముక్కని కత్తిరించేస్తారు, సినిమాహాలు గుమ్మం దగ్గర టిక్కెట్టు చింపినట్టు. బ్లోబెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది. ఆ డబ్బు దాదాపు అంతా డ్రెస్‌డెన్ అనే ఊరికిచ్చేశాడు. రెండో ప్రపంచయుద్ధం చివర 1945లో, చిన్నపిల్లవాడుగా ఇల్లు వదిలి పారిపోతూ ఆ ఊరి అందం చూశాడట. కొద్ది రోజులకే బాంబులు పడి ఊరు మసైపోయింది. అక్కడ కూలిపోయిన చర్చి తిరిగి కట్టుకోవడానికి తన వంతు పంపాడు. ప్రొటీన్ల విలాసం కనిపెట్టినాయన తన బహుమతిని సరైన విలాసానికే పంపుకున్నాడని నేనంటే, మా పిల్ల “అత్తయ్యా, నువ్వు వ్యాసాలు రాయొచ్చు” అంది. అదిగో, అక్కడ మొదలైందీ రాత.

ఈ రవాణా అంతా నడిపించే జన్యువులు వెతికింది రాండీ షెక్‌మన్. ఆయన ముడిసరుకు ఈస్టు. బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్టే. రవాణా ఆగిపోయిన ఈస్టు కణాలు ఎలా దొరుకుతాయి? సరుకు తయారవుతూ బయటికి పోకపోతే లోపల సంచులు పేరుకుంటాయి, కణం బరువెక్కుతుంది. మనం విత్తనాలు నీళ్ళలో పోసి తాలువి తేలితే తీసేసి మునిగినవి ఉంచుకోమూ? షెక్‌మనూ, ఆయన విద్యార్థి పీటర్ నోవిక్కూ అలాగే మునిగినవాటిని ఏరుకున్నారు. 1980 నాటికి ఈ దారిలో పనిచేసే 23 జన్యువులు లెక్క తేలాయి. ఒక్కటి చెడితే సరుకు ఒక్కో మజిలీలో ఆగిపోతోంది. ఒకటి చెడితే వంటింట్లోనే, ఇంకొకటి చెడితే గాల్జీలో, మరొకటి చెడితే వీధిగుమ్మం దాకా వచ్చి.

ఈయన చిన్నప్పటి ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. పక్కిళ్ళ గడ్డి కోసీ, పిల్లల్ని ఆడించీ మైక్రోస్కోపు కోసం డబ్బు కూడబెట్టుకుంటున్నాడట. అవసరానికి వాళ్ళమ్మ అందులోంచి తీస్తూండేదట. ఒకనాడు ఒళ్ళు మండి సైకిలెక్కి పోలీసుస్టేషనుకి పోయి, “మా అమ్మ నా డబ్బు తీసేసుకుంటోంది, నేనింక ఇంటికి పోను” అన్నాడట. ఆ సాయంత్రమే నాన్న తీసుకెళ్ళి తాకట్టుకొట్లో పాత మైక్రోస్కోపు కొనిపెట్టాడు. పోపులడబ్బాలో చిల్లర దాచుకునే తల్లులూ, పిల్లల హుండీలోంచి తీసి వాడుకునే తల్లులూ ఈ కథ ఒకసారి జ్ఞాపకం పెట్టుకోండి.

“నేను వేసుకునే ఇన్సులిన్ కూడా చాలా చోట్ల ఈస్టు చేతే చేయిస్తారత్తయ్యా. ఈస్టు తయారుచేసి, ఇదే దారిన బయటికి పంపిస్తుంది” అంది పిల్ల. పూర్వం గొడ్ల నుంచీ పందుల నుంచీ తీసేవారు. ఆ మాట విని మొహం చిట్లించిన మా అత్తగారు, “ఇప్పుడైతే ఈస్టేగా, ఫరవాలేదు” అని తేల్చేశారు.

సంచీ బయల్దేరింది. చేరవలసిన గోడేదో ఎలా గుర్తుపడుతుంది? గోడల దగ్గర రాబ్ అనే కాపలావాళ్ళున్నారు, మన ఒంట్లో అరవై పైచిలుకు రకాలు. ఒక్కో గోడకి ఒక్కో రకం. వాళ్ళు చూసి నిలబెడతారు. ఆ పైన జాకెట్టు హుక్సులు. అవునండీ, సంచీకి హుక్కు, గోడకి కాజా. స్నేర్లంటారు. సరైన జత అయితే ఒకదానికొకటి మెలివేసుకుని, సంచీని గోడదాకా బిగించి లాగి, రెండు పొరల్నీ ఒకటి చేస్తాయి. జత కాకపోతే పడదు. దీన్ని గాజుగొట్టంలో కణాల ముక్కలతో నడిపించి చూపినవాడు జేమ్స్ రాత్‌మన్, జతల సంగతి 1993లో తేల్చింది ఆయన బృందమే. కాల్షియం వచ్చి సైగ చేస్తే తప్ప హుక్కు పూర్తిగా పడకుండా నరాల కణాల్లో ఉన్న ఏర్పాటు కనిపెట్టినవాడు థామస్ జూడాఫ్. షెక్‌మన్‌తో కలిపి ఈ ముగ్గురికీ 2013లో నోబెల్ ఇచ్చారు.

ఒకసారి పడిన హుక్సు విప్పాలి కదా, మళ్ళీ వాడుకోవాలంటే. విప్పడానికి ఖర్చయ్యే ఇంధనం ఏటీపీ. ఈ పేరు వినగానే కాస్త నిటారుగా కూర్చోండి. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి, 1929లో కండరంలో కనిపెట్టిన పదార్థమే అది. జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు. మీరిది చదివే ఈ క్షణాన మీ ఒంట్లో విడుతున్న ప్రతి హుక్కు వెనకా అదే ఉంది.

హుక్సు తెగితే ఏమవుతుందో మన అమ్మమ్మలకి బాగా తెలుసు, కారణమే తెలీదు. పురిటింట్లో శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే, వారం పది రోజుల్లో బిడ్డ బిగుసుకుపోయి చనిపోయేది. ధనుర్వాతం. ఆ క్రిమి విషం చేసే పనల్లా నరాల చివర ఈ హుక్సుని కత్తిరించడమే. ఒకే ఒక్క ప్రొటీనుని, ఒకే ఒక్క చోట. కండరాలకి “ఇక చాలు, వదులవు” అని చెప్పే కబురు సంచుల్లోనే ఉండిపోతుంది. 1992లో గాని ఈ గుట్టు తెలియలేదు. గుట్టు తెలియకముందే టీకా వచ్చి కోట్లమంది బిడ్డల్ని కాపాడింది. తల్లీబిడ్డల ధనుర్వాతం మన దేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని 2015లో నిర్ధారించారు. కడుపుతో ఉన్నప్పుడు టీటీ ఇంజక్షనుకి భుజం నొప్పని గొణుక్కునే అమ్మాయిలకి ఈ మాట చెప్పండి.

ఇంక నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. వంటింట్లో ఉండి పనిచెయ్యాల్సిన ప్రొటీన్లు కొన్ని, సంచులు బయల్దేరే హడావిడిలో వాటితో కలిసి గాల్జీకి వెళ్ళిపోతాయి. మరెలా? వాటి తోకకి నాలుగు అమైనో ఆమ్లాల గుర్తుంటుంది. ఆ గుర్తుని గాల్జీలో పట్టుకుని తిరుగు సంచీలో ఎక్కించి ఇంటికి పంపుతారు. వెళ్ళే సంచులకి ఒక రకం తొడుగు, తిరిగొచ్చేవాటికి ఇంకో రకం తొడుగు. ఇంగ్లండులో మన్రో, పెలామ్ అనేవాళ్ళు 1987లో ఈ నాలుగక్షరాల గుర్తు చదివారు.

“ఇందులో వింతేముందే, మన స్టీలుగిన్నెలు!” అన్నాను. మరి కాదూ? పెళ్ళికిచ్చిన గిన్నె మీద పేరు చెక్కిస్తాం. పక్కింటికి పులుసు పట్టుకెళ్ళిన గిన్నె, శ్రీమంతానికి వెళ్ళిన పళ్ళెం, ఊరేగి ఊరేగి ఎప్పటికో మన అలమారలోకి వచ్చి చేరుతుంది, అడుగున ఆ పేరుండబట్టి. మా పిల్ల పకపకా నవ్వి, వాళ్ళ మేష్టారికి ఇది చెప్తానంది.

కాని ఈ ఇంట్లో కాపలా మరీ కఠినం కూడా. వంటింట్లో మడత సరిగా పడని ప్రొటీనుని గడప దాటనివ్వరు. ఆపి, విరిచి, పారేస్తారు. మంచిదే. ఒక్కోసారి మాత్రం చేటు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుంది, ఊపిరితిత్తుల్లో జిగురు కట్టేసి పిల్లలు ఊపిరి కోసం కొట్టుకుంటారు. దాని జన్యువు 1989లో దొరికింది. ఎక్కువమంది రోగుల్లో ఉన్న లోపం ఇంతే: 1,480 అమైనో ఆమ్లాల ప్రొటీనులో 508వది ఒక్కటి లేదు. అది గనక కణం గోడదాకా చేరితే కొంత పని చెయ్యగలదట. కాని వంటింటి కాపలా దాన్ని చూసి, ఒంకర ఉందని, అక్కడే ఆపేస్తుంది. దానికి కాస్త చేయూతనిచ్చి, సరిగా నిలబెట్టి, గడప దాటించే మందులు ఈమధ్యే వచ్చాయి. మూడు మందులు కలిపిన మాత్ర 2019లో అమెరికాలో ఆమోదం పొందింది. ధర మాత్రం మనబోటివాళ్ళకి అందేది కాదు.

ఈ మాట చెబుతున్నప్పుడు పిల్ల గొంతు కొంచెం మారింది. చేతిలో జీడి పక్కన పెట్టి, “పని చెయ్యగలిగినదాన్ని కూడా గుమ్మంలోనే ఆపేస్తారత్తయ్యా” అంది. అది ప్రొటీను గురించే అందో, ఇంకేమన్నా అందో నేను అడగలేదు.

ఇంతకీ ఇన్సులిన్ కథ. అది కూడా ఇదే దారిన నడుస్తుంది. వంటింటి గడపలో విలాసం ముక్క తెగుతుంది. గాల్జీ దాటి సంచుల్లోకి చేరాక మధ్యలో ఉన్న ఇంకో ముక్క తెగుతుంది. దాని పేరు సీ-పెప్టైడ్. మిగిలిన 51 అమైనో ఆమ్లాలే ఇన్సులిన్. జింకుతో కలిసి చిన్న చిన్న స్ఫటికాలై సంచుల్లో దాక్కుంటుంది. ఒక్కో కణంలో సుమారు పదివేల సంచులు. మనం అన్నం తిని రక్తంలో చక్కెర పెరగ్గానే కణంలో ఏటీపీ పెరుగుతుంది, ఓ తలుపు మూతపడుతుంది, ఓ తలుపు తెరుచుకుని కాల్షియం వస్తుంది, హుక్సు పడతాయి. గోడవార సిద్ధంగా ఉన్న సంచులు మొదటి నిమిషాల్లోనే ఖాళీ. వెనకవి ఆ తర్వాత నెమ్మదిగా వస్తాయి. ఇన్సులినూ సీ-పెప్టైడూ జంటగా సమానంగా బయటికొస్తాయి గనక, రక్తంలో సీ-పెప్టైడ్ కొలిస్తే ఒళ్ళు స్వంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో తెలిసిపోతుంది. సీసాలో ఇన్సులినుకి ఆ జత ఉండదు.

మా పిల్ల రిపోర్టులో ఆ అంకె దాదాపు సున్నా. నేను కాగితం వంక చూసి ఊరుకున్నాను. అదే అంది: “పంపేవాళ్ళు లేరు గాని అత్తయ్యా, అందుకునేవాళ్ళు బాగానే ఉన్నారు. సూదిలోంచి వెళ్ళిన ఇన్సులిన్ కండరాన్ని తట్టగానే, అక్కడ లోపల దాచిన సంచులు గోడకొచ్చి, చక్కెరకి దారి ఇస్తాయి. అదీ ఈ రవాణాయే. నా ఒంట్లో ఒక్క చోటే రోడ్డు తెగింది. మిగతావన్నీ నడుస్తున్నాయి.”

ఇంక సంబంధాల సంగతి. మా ఆడపడుచుదీ అత్తగారిదీ ఒకటే మాట. షుగరు సంగతి ముందు చెప్పొద్దు, మూడుముళ్ళూ పడ్డాక మెల్లిగా చెప్పుకోవచ్చు అని. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా పెద్దలు. వాళ్ళ భయాన్ని తప్పు పట్టలేను. ఆడపిల్ల తల్లి కడుపులో గుబులు ఆడపిల్ల తల్లికే తెలుసు.

పిల్ల ససేమిరా అంది. “నాలుగు సూదులు ఎక్కడ దాచమంటావమ్మా? అర్ధరాత్రి చక్కెర పడిపోయి నాకు మాట తడబడితే పక్కనున్న మనిషికి తెలియక్కర్లేదూ? తెలియకపోతే చచ్చిపోతాను” అంది. ఆ మాటతో ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేను మాత్రం, “అది చెప్పిందే రైటు వదినా” అన్నాను. మా ఆడపడుచు వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

మొదటి సంబంధం వాళ్ళకి పిల్లే ఫోనులో చెప్పింది. జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. రెండోవాళ్ళు, పిల్లలకి వస్తుందేమోనని అడిగారు. తల్లికి టైపు వన్ ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం కొంచెమేనని డాక్టరు మాట చెప్పినా ఆగిపోయారు. మూడోవాళ్ళు కట్నం పెంచారు. అప్పుడు మా అన్నగారే, “మాకక్కర్లేదండీ” అనేశారు. పిల్ల ఏడవలేదు. రాత్రి పూట నా పక్కన పడుకుని, పైకి చూస్తూ, “అత్తయ్యా, నిద్రపోయావా?” అని మాత్రం రెండుసార్లు అడిగింది.

నాలుగోవాళ్ళు తాడేపల్లిగూడెం నుంచి వచ్చారు. అబ్బాయి స్కూల్లో లెక్కల మేష్టారు. పిల్ల కాఫీలు ఇచ్చి కూర్చుని, పాఠం చెప్పినట్టు తన జబ్బు సంగతి చెప్పింది. అబ్బాయి తల్లి అంతా విని, కాసేపు ఆలోచించి, “అయితే రాత్రి ఎన్నింటికి తినాలమ్మా నువ్వు? మా ఇంట్లో అందరూ పదింటికి గాని కంచాల ముందు కూర్చోరు. అది మార్చుకోవాలి మేము” అంది.

అంతే, ఇంకేమీ అనలేదావిడ. మా అత్తగారు లోపలికెళ్ళి, పమిట కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. ఇప్పుడు నా తల నిండా వేరే ఆలోచనలు. పెళ్ళికూతురు గౌరీపూజ దగ్గర్నుంచి తాళి కట్టేదాకా ఏమీ తినకూడదంటారు కదా. అది ఈ పిల్లకి కుదిరే పని కాదు. పురోహితుడుగారితో ముందే మాట్లాడాను. “పాలూ పళ్ళూ ఫరవాలేదమ్మా, శాస్త్రం మనిషిని చంపమనదు” అన్నారాయన, మహానుభావుడు. అర్ధరాత్రి లగ్నం వద్దని పగటి లగ్నమే పెట్టించాం. ఇన్సులిన్ ఎండకి పాడవకుండా చల్లసంచీ ఒకటి కొన్నాను. పీటల వెనకాల ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వస్తే, నేనేనని ఇప్పుడే చెప్పేశాను. బంగారం ఎవరైనా చూసుకోనీండి. నా చేతిసంచీలో మాత్రం నాలుగు గ్లూకోజు బిళ్ళలూ, ఒక బెల్లంముక్కా, పిల్ల మొహం వంక చూస్తూ ఉండడానికి రెండు కళ్ళజోళ్ళూ ఉంటాయి.